మామ మెడలో విజిల్

మామ పోయిన పదకొండో రోజున సూరత్‌లోని లింబాయత్‌లో మా వాళ్ల సంఘం హాలులో సంతాప సభ పెట్టాం. ఫొటోకు దండ వేశాం. దండ కింద నుంచి ఆయన మెడలోని విజిల్ తాడు కొంచెం కనబడుతూనే ఉంది. ఫొటో దిగేటప్పుడు కూడా ఆయన దాన్ని తీసి పక్కన పెట్టలేదు.

మొదట మైకు రాజేశం పట్టుకున్నాడు. సూరత్ అవతల కిమ్ ఊళ్లో కిరాణా దుకాణం నడిపే రాజేశం గొంతు నాలుగు వీధులకు వినబడుతుంది. ఆ రోజు మైకు ఉన్నా ఆ గొంతు వెనుక వరసలకు అందలేదు. "వియత్నాం గుట్ట మీద నేను పడిపోతే మామనే నన్ను బతికిచ్చిండు. మామ విజిల్ ఊదిండు గని, ముందట పోతున్న బావకు గాలికి వినబడలే. వినబడితే బావ ఉరికొస్తుండె," అని నా వైపు చెయ్యి చూపించి కూర్చున్నాడు.

ఆ బావను నేనే. తర్వాత మైకు నా చేతికి వచ్చింది. మామ పనితనం గురించి, ఆయన నిక్కచ్చితనం గురించి పావుగంట మాట్లాడాను. వెనుక వరసల్లో కొందరు కళ్లు తుడుచుకున్నారు. విజిల్ గురించి మాత్రం ఒక్క మాట చెప్పలేదు.

ఆ విజిల్ నాకు వినబడింది. మూడుసార్లూ వినబడింది.

ఆ రోజు హాలులో చెప్పవలసింది ఇప్పుడు రాస్తున్నాను. మామ పేరు రాయను. సూరత్‌లో సాంచాలు నడిపే మా సిరిసిల్ల వైపు వాళ్లలో ఆయన్ను పేరు పెట్టి పిలిచినవాళ్లను నేను చూడలేదు. మరమగ్గాన్ని మేము సాంచా అంటాం. చెడిపోయిన సాంచాను దారికి తెచ్చేవాణ్ణి ఇక్కడ మాస్టర్ అంటారు. ఆయన మాస్టర్లకు మాస్టర్. అయినా పిలుపు మాత్రం మామే. పిల్లలకూ మామే, వాళ్ల తాతలకూ మామే.

నలభై ఏళ్లు సాంచాల మధ్య తిరిగినవాడికి చెవులు మిగలవు. మామకు లావు గొంతులు కొంత వినబడేవి, సన్నని శబ్దాలు అసలు వినబడేవి కావు. అందుకే సాంచాను ఆయన చేత్తో వినేవాడు. నడుస్తున్న సాంచా చట్రం మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని, "నాడె ఎడమ దిక్కు కొట్టుకుంటున్నది," అనేవాడు. పేక దారాన్ని అటూ ఇటూ మోసేదే నాడె. విప్పి చూస్తే అంతే ఉండేది. మనుషుల సంగతి కూడా చూపుతోనే పట్టేవాడు. వెనక నుంచి ఎవరైనా పిలిస్తే ఆయనకు తెలియదు. కానీ ఎదురుగా ఉన్నవాడి కళ్లు అటు కదలగానే తెలిసిపోయేది. "చెవులు పోతే ఏమాయె? మెడలు కనబడ్తయి గద. వినబడ్డోని మెడ తిరుగుతది," అనేవాడు.

ఆ మాట నేను కొన్ని వందలసార్లు విన్నాను. నా మెడ గురించి ఎప్పుడూ ఆలోచించలేదు.

పంతొమ్మిదేళ్ల వయసులో నేను ఆయన చేతి కింద పని నేర్చుకున్నాను. అవి పాతకాలపు సాంచాలు. పడుగులో పోగు తెగినా వాటంతట అవి ఆగవు, నేసేవాడే చూసి ఆపాలి. ఆపకపోతే తెగిన పోగు మేరకు బట్ట పొడుగునా ఒక సన్నని గీత పడిపోతుంది. ఆ గీతను తర్వాత ఎవరూ పూడ్చలేరు. ఒకరోజు పక్క సాంచా మీది దోస్తు కన్నా ఎక్కువ నేయాలని పంతం పట్టి, పోగు తెగడం చూసి కూడా నేను ఆపలేదు. మామ వచ్చి చట్రం మీద చెయ్యి పెట్టాడు. వెంటనే హ్యాండిల్ లాగి ఆపేశాడు.

"ఎప్పటిసంది తెగింది?"

"ఇప్పుడే మామా."

ఆయన చుట్టిన బట్టను విప్పుకుంటూ పోయాడు. ఆరు బారలు విప్పాక గీత మొదలు దొరికింది.

"ఇప్పుడేనా? గింత బట్ట ఇప్పుడే నేసినవా అల్లుడా? నీకు ఇనాం ఇయ్యాలె పో!"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పోగు అతకమని ఆయన చేతికే ఇవ్వబోయాను. ఆయన ఒంటి చేత్తో, రెప్పపాటులో ముడి వేయగలడు. ఊరికే కూర్చున్నప్పుడు కూడా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఏదో ఒక దారం పెట్టుకుని ముళ్లు వేస్తూనే ఉండేవాడు. కానీ నా పోగు ముట్టుకోలేదు. "నీ సాంచా, నీ పోగు. నేనెందుకు అతకాలె? నువ్వే అతుకు," అన్నాడు. నాకు పావుగంట పట్టింది. అంతసేపూ పక్కనే నిలబడ్డాడు. ఆ తర్వాత గీత పడ్డ ముక్కను కోసి నా సాంచా పక్కన మేకుకు తగిలించాడు. నెల రోజులు అది నా కళ్ల ముందు ఊగింది.

ఎన్నో ఏళ్ల తర్వాత సూరత్ పక్కనున్న పల్సానాలో నేను సొంతంగా సాంచాలు పెట్టుకున్నప్పుడు మామే మాస్టర్‌గా వచ్చాడు. కార్ఖానాలో నలుగురి ముందు నన్ను "సేట్" అనేవాడు. గేటు దాటగానే "అల్లుడా" అనేవాడు. ఆ గేటు దగ్గర ఒక్కరోజు కూడా పొరపాటు పడలేదు.

మా సైకిల్ జట్టును కట్టింది నిజానికి డాక్టర్లు. నాకు బీపీ, రాజేశానికి షుగర్. నూలు దళారీ జిగ్నేశ్ భాయ్‌కి పొట్ట. ఆదివారం పొద్దున ముగ్గురం కొత్త సైకిళ్ల మీద, కొత్త హెల్మెట్లతో ఆల్థాన్ నుంచి బయలుదేరేవాళ్లం. ఒక ఆదివారం పల్సానా దారిలో మామ ఎదురయ్యాడు. ఆయనది నల్లటి బరువైన పాత సైకిల్, వెనుక క్యారియర్, దానికి పానాల డబ్బా.

"ఏడికి పోతున్రు రా ముగ్గురు?"

"ఏడికి లేదు మామా. ఊకెనే తొక్కుతున్నం," అన్నాడు రాజేశం.

"ఊకెనేనా? పని లేకుంటనా?" కాసేపు మమ్మల్ని పైనుంచి కిందికి చూసి, సైకిల్ వెనక్కి తిప్పాడు. "ఆగున్రి. పని లేకుంట తొక్కుడు ఎట్లుంటదో నేను గూడ జర చూస్త."

ఆ రోజు నుంచి ఆయన మా వెనుక ఉన్నాడు. ఎప్పుడూ వెనుకే. రెండో ఆదివారానికి మెడలో విజిల్ వచ్చింది. ఎవరి సైకిల్‌కు ఏమైనా ఆయన ఊదేవాడు, ఊదితే అందరూ ఆగాలి. "ఒక్క పోగు తెగితే సాంచా మొత్తం ఆగాలె. ఎనుకోణ్ణి ఇడిచిపెట్టి పోతె గీత పడ్తది," అని చెప్పాడు. ఆ విజిల్ మోత ఆయనకే వినబడేది కాదు. ఊదాక మా మొహాలు చూసి, "మోగుతున్నదా?" అని అడిగేవాడు. "మోగుతున్నది మామా, కిమ్ దాక మోగుతున్నది," అనేవాడు రాజేశం. మామ తృప్తిగా దాన్ని చొక్కాలో వేసుకునేవాడు.

వియత్నాం ఆలోచన జిగ్నేశ్ భాయ్‌ది. సూరత్ టిఫిన్ లోచో అమ్మే బండి దగ్గర ప్లేట్లు పట్టుకుని ఉండగా ఫోన్‌లో బొమ్మలు చూపించాడు. ఐదు రోజులు, సముద్రం పక్కన పాత ఊళ్లు, అక్కడే సైకిళ్లు అద్దెకు దొరుకుతాయి, సామాను బస్సులో ముందే పోతుంది. డోంగ్ హోయ్‌లో మొదలుపెట్టి హోయాన్‌లో ముగించాలి. మధ్యలో హైవాన్ అనే పెద్ద కనుమ ఎక్కాలి. మామ కూడా వస్తానన్నాడు. నాకు ఇష్టం లేదు. ఆయన కోసం ఆగుతూ పోతే మనం ఎప్పటికి చేరతామని నా లెక్క. ఆ మాట అనలేక, "మామా, గుట్ట ఉన్నది. అరవై దాటినోళ్లకు కష్టం," అన్నాను.

"ఎంత గుట్ట?"

సూరత్‌లో గుట్టలెక్కడివి? మాకున్నవి ఫ్లైఓవర్లే. "ఆల్థాన్ ఫ్లైఓవర్ నలభై సార్లు ఎక్కినంత," అని నోటికొచ్చింది అన్నాను.

తర్వాతి ఆదివారం మేం వెళ్లేసరికి మామ ఫ్లైఓవర్ మీదే ఉన్నాడు. గోడ మీద సుద్దముక్కతో గీతలు. తెల్లవారకముందే మొదలుపెట్టాడట. మేము చూస్తుండగానే ముప్పై తొమ్మిదో గీత గీసి, దిగి, మళ్లీ ఎక్కివచ్చి నలభైయ్యో గీత గీశాడు. "అయిపాయె. నీ గుట్ట గిదేనా?" అన్నాడు. రొప్పు కూడా లేదు. జిగ్నేశ్ భాయ్ సైకిల్ పడేసి పరుగెత్తుకెళ్లి ఆయన కాళ్లకు దండం పెట్టాడు. "కాకా, తమే తో హద్ కరీ!" అని, హద్దులే దాటేశావని గుజరాతీలో మెచ్చుకున్నాడు. మామ పాస్‌పోర్ట్ పని జిగ్నేశ్ భాయే చూసుకున్నాడు.

విమానాశ్రయంలో మామ సంచిలోంచి తువ్వాల్లో చుట్టిన ఒక వస్తువు బయటపడింది. అధికారి విప్పి చూసి తలెత్తాడు. స్ప్రింగులున్న పాత తోలు సీటు.

"అద్దె సైకిల్‌కు సీటు ఉంటది మామా," అన్నాను సిగ్గుతో.

"ఉంటది. కాళ్లు ఎవ్వని సైకిలన్న తొక్కుతయి. కూసునుడు మాత్రం మన సీటు మీదనే కూసోవాలె."

నాకు చాలా నామోషీగా అనిపించింది. ఆ ఐదు రోజుల్లో మా ముగ్గురి పిర్రలు పుండ్లు పడ్డాయి, ఆయన మాత్రం సోఫాలో కూర్చున్నట్టు వచ్చాడు.

మొదటి మూడు రోజులు ఎంత బాగా గడిచాయో! డోంగ్ హా అనే ఊళ్లో పొద్దున్నే రోడ్డు పక్క చిన్న ప్లాస్టిక్ కుర్చీల మీద కూర్చుంటే, పెద్ద గిన్నెల్లో వేడి నీళ్లలో బియ్యపు సేమియా, ఆకులు, మాంసం తెచ్చిపెట్టారు. మామ తాగి, "సేమియా మంచిగనే ఉన్నది, నీళ్లు ఎక్కువైనయి," అని తన డబ్బాలోంచి ఎల్లిపాయ కారం తీసి కలిపాడు. దుకాణం అవ్వ వచ్చి, ఆయన గిన్నెలో చెంచా ముంచి రుచి చూసి, ఆ డబ్బా తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. మామ ఆమె వెనుక వెళ్లాడు. ఇద్దరూ ఎవరి భాషలో వాళ్లు మాట్లాడుకున్నారు. బయటికి వచ్చేటప్పుడు ఆయన చేతిలో ఆమె ఇచ్చిన మిరపకాయల పచ్చడి సీసా ఉంది. జిగ్నేశ్ భాయ్ ఆ ఐదు రోజులూ ఇంటినుంచి తెచ్చుకున్న మెంతికూర రొట్టెలు, థేప్లాలే తిన్నాడు.

హుయే ఊళ్లో వంతెన మీద బడిపిల్లలు సైకిళ్ల మీద మా పక్కన వచ్చి "హలో, హలో" అని అరిచారు. మామకు వినబడలేదు, కానీ వాళ్ల నోళ్లు చూసి ప్రతి ఒక్కరికీ "రాం రాం" చెప్పాడు. వంతెన దాటేసరికి ఇరవై మంది పిల్లలు "లాం లాం" అంటూ ఆయన వెనుక ఉన్నారు. ఆయన ఎప్పుడూ వెనుక ఉండేవాడు గదా, ఆ ఒక్కసారి ఆయన వెనుక కూడా జనం ఉన్నారు.

నాలుగో రోజు కనుమ. ముందురోజు సాయంత్రం లాంగ్ కో ఊళ్లో నేనొక పని చేశాను. మా కార్ఖానా వాళ్లూ సంఘం వాళ్లూ ఉన్న వాట్సాప్ గ్రూపులో, రేపు హైవాన్ కనుమను కాలు కింద పెట్టకుండా ఎక్కుతున్నానని, శిఖరం మీద నుంచి లైవ్ వీడియో పెడతానని ప్రకటించాను. నూట యాభై మంది బొటనవేళ్లు పంపారు.

పొద్దున ఎండ బాగానే ఉంది, పైన మాత్రం మబ్బు కమ్ముకుని ఉంది. రోడ్డు మెలికలు తిరుగుతూ, వచ్చిన దారి నెత్తి మీదికే మళ్లీ వస్తుంది. ముందు నేను, కొంచెం వెనుక జిగ్నేశ్ భాయ్, బాగా కింద రాజేశం, చివర మామ. నాలుగో మలుపు తిరిగాక మొదటి విజిల్ వినబడింది.

నా తల అటు తిరిగింది. కింది మలుపులో రోడ్డు పక్కన ఒక సైకిల్ పడి ఉంది. పక్కన మామ తెల్ల తువ్వాలు. అంతవరకు చూసి మళ్లీ ముందుకు తిప్పుకున్నాను. ఆగితే కాలు కింద పెట్టాలి. పెడితే మాట పోతుంది. పంక్చర్ అయి ఉంటుంది, మామ ఉన్నాడు గదా అనుకున్నాను. రెండో విజిల్‌కు పెడల్ మరింత గట్టిగా తొక్కాను. మూడోది చాలా పొడుగ్గా వచ్చింది, మధ్యలో ఊపిరి తెగి మళ్లీ మొదలైంది.

"భాయ్, విజిల్ బజీ క్యా?" అని జిగ్నేశ్ భాయ్ అరిచాడు.

"గాలి. గాలి భాయ్, చలో," అన్నాను.

అది పంక్చర్ కాదు. పొద్దున మందు వేసుకుని, గుట్ట ఎక్కుతున్నామన్న ఉత్సాహంలో సరిగా తినని రాజేశానికి షుగర్ పడిపోయింది. చెమటలు పట్టి, కళ్లు తిరిగి, సైకిల్ మీద నుంచి ఒరిగిపోయాడు. మామ ఒక్కడే అతన్ని నీడకు లాగి, దవడ పట్టుకుని, పల్లిపట్టీని తన పళ్లతో కొరికి పొడిచేసి, బెల్లం కొంచెం కొంచెంగా చప్పరించేలా నాలుక కింద పెట్టాడట. మూడుసార్లు ఊది పైకి చూశాడట. ఆ తర్వాత ఊదడం మానేశాడట.

నేను కాలు కింద పెట్టకుండా శిఖరం చేరాను. మబ్బులో ఒక పాత ఇటుక దర్వాజా ముందు నిలబడి వీడియో పెట్టాను. "జై హో సేట్" అని వరదలా వచ్చాయి. అరగంట గడిచినా వాళ్లు రాలేదు. జిగ్నేశ్ భాయ్, "నేను దిగుతా," అన్నాడు. "వస్తారులే భాయ్, దిగితే మళ్లీ ఎక్కాలి," అన్నాను. అతను నా వైపు ఒకసారి చూసి, సైకిల్ నాకు వదిలేసి నడుస్తూ దిగిపోయాడు. నేను కాఫీ తాగాను. దాన్ని రాయకుండా వదిలేయాలని ఉంది, కానీ తాగాను. చిక్కని తీపి పాల కాఫీ, మంచు ముక్కలతో.

గంటంబావు తర్వాత మబ్బులోంచి ముందు ఒక తల పాగా కనబడింది. తువ్వాలును పాగా చుట్టి, కుడిచేత్తో తన సైకిల్, ఎడమచేత్తో రాజేశం సైకిల్ నెట్టుకుంటూ మామ వస్తున్నాడు. ఆయన వెనుక జిగ్నేశ్ భాయ్ భుజం మీద చెయ్యి వేసి, పల్లిపట్టీ నములుతూ, రాజేశం తన కాళ్ల మీద తను నడుస్తున్నాడు. శిఖరం మీద మోటార్ సైకిళ్లు ఆపుకుని ఉన్న తెల్లవాళ్లు, చాయ్ దుకాణాల వాళ్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. ఒకామె ఈల వేసింది. మామకు అదేదీ వినబడలేదు, కొట్టుకుంటున్న చేతులు మాత్రం కనబడ్డాయి. ఆగి, చుట్టూ చూసి, "ఏంది గీళ్లు చప్పట్లు కొడ్తున్రు? ఎవలకన్న పెండ్లా?" అన్నాడు.

ప్రాణం మీదికి వచ్చి లేచిన రాజేశం పగలబడి నవ్వాడు. ఆ నవ్వుతోనే గుట్ట మొత్తం మాదైంది.

"విజిల్ ఊదినవా మామా? గాలికి వినబడలే," అన్నాను.

ఆయన నా మొహం చూశాడు. "గాలి ఎక్కువున్నది లే," అన్నాడు. నలుగురం ఫొటో దిగాం. అది ఈనాటికీ ఆఫీసులో నా కుర్చీ వెనుక గోడ మీద ఉంది.

మరునాడు డనాంగ్‌లో బయలుదేరే ముందు మామ తన విజిల్ తీసి నా మెడలో వేశాడు. రాజేశం, జిగ్నేశ్ భాయ్ టైర్లలో గాలి చూసుకుంటున్నారు.

"ఇయ్యాల నువ్వు ఎనుక ఉండు అల్లుడా. నేను ముందట పోత."

"ఎందుకు మామా?"

"నిన్న మొదటి ఊదుడుకే నీ మెడ తిరిగింది. కింద నుంచి మంచిగ కనబడ్డది."

నేను రాజేశం వైపు చూశాను. "ఎవరికన్న చెప్పినవా?"

"నేనెందుకు చెప్పాలె?" ఆయన వేళ్ల మధ్య ఒక దారప్పోగు తిరుగుతోంది. "నీ సాంచా, నీ పోగు."

అంతే. సీటు తట్టి ఎక్కాడు.

ఆ రోజు మొదటిసారి నేను అందరి వీపులూ చూశాను. ఎవరు ఎటు ఒరుగుతున్నారో, ఎవరి చక్రం వంకర తిరుగుతోందో, రాజేశం ఎన్నిసార్లు చెమట తుడుచుకుంటున్నాడో అన్నీ వెనుక నుంచి కనబడతాయి. ముందు ఉన్నన్నాళ్లూ నాకు రోడ్డు ఒక్కటే కనబడేది.

హోయాన్ ఇంకా కొంత దూరం ఉందనగా, వరి మళ్ల మధ్య నా వెనుక టైరు చప్పబడింది. విజిల్ నోట్లో పెట్టుకున్నాను. ఊదడానికి మొహం చెల్లలేదు. వాళ్లు చిన్నగా అయిపోతున్నారు. ఊదనా, నడుచుకుంటూ పోనా అని నిలబడి ఉండగానే, అందరికన్నా ముందున్న మామ, చెవులు లేని మామ, బ్రేకు వేసి చెయ్యి పైకెత్తాడు. వరస మొత్తం ఆగిపోయింది. ముగ్గురూ సైకిళ్లు తిప్పుకుని వచ్చారు.

"నేను ఊదనే లేదు మామా. ఎట్ల తెలిసింది?"

"ఊదితే మాత్రం నాకు వినబడ్తదా? ఎనుకకు మర్లి చూసిన." పంక్చర్ అంటించడానికి కూర్చుంటూ, "వినబడుడు పెద్ద పని కాదు. మర్లి చూసుడే," అన్నాడు.

మధ్యాహ్నానికి హోయాన్‌లోకి నలుగురం పక్కపక్కన దిగాం. పసుపు రంగు గోడలు, తలల మీద రంగురంగుల కాగితపు లాంతర్లు. మామ ముందు చక్రం ఒక్క మూరెడు ముందు ఉండేలా మేము ముగ్గురం వెనక్కి తగ్గి తొక్కాం. ఆ సంగతి ఆయన గమనించలేదు, లేదా గమనించనట్టు ఉన్నాడు. ఊరి నిండా దర్జీ దుకాణాలే. ఒక దుకాణంలో ఆమె బట్ట తాను పరిచి "సిల్క్, సిల్క్" అంది. మామ రెండు వేళ్లతో నలిపి చూసి, "సిల్కు కాదు బిడ్డా, ఇది మన సూరత్ దిక్కు మాలే. పాలిస్టర్," అని ఇంత దూరం వచ్చిన మేనకోడలిని పలకరించినట్టు దాన్ని నిమిరాడు. ఆమెకు ఏమీ అర్థం కాక నవ్వి, టేపు తీసి ఆయన భుజాలు కొలిచింది. తెల్లవారేసరికి చొక్కా తయారైంది. సంతాప సభలో దండ వేసిన ఫొటోలో ఆయన వేసుకున్నది ఆ చొక్కానే, మెడలో ఉన్నది నేను హోయాన్‌లోనే తిరిగిచ్చేసిన విజిల్.

ఇంటికి వచ్చాక నేను రాజేశానికి చెప్పలేదు. ఇవాళ చెబుదాం, వచ్చే ఆదివారం చెబుదాం అనుకుంటూ మూడేళ్లు గడిపాను. మామ ఒక్కసారి కూడా అడగలేదు. అప్పుడప్పుడు కార్ఖానాలో నా పక్కన నిలబడి, వేళ్ల మధ్య దారం తిప్పుతూ నా వైపు చూసేవాడు. పావుగంట పడుతుందని ఆయన అనుకున్న ముడికి నేను ఆయన మిగిలిన బతుకంతా తీసుకున్నాను.

సభ అయిన తర్వాతి ఆదివారం ఆల్థాన్ ఫ్లైఓవర్ కింద కలిశాం. ఇప్పుడు మా జట్టులో ముప్పై మంది ఉన్నారు. మామ పోయాక వెనుక ఉండేది నేను, ఆయన విజిల్ ఇప్పుడు నా మెడలోనే. బయలుదేరే ముందు రాజేశాన్ని పక్కకు పిలిచాను.

"ఆ రోజు గుట్ట మీద నాకు వినబడింది రాజేశం. కావాలనే ఆగలేదు."

వాడు హెల్మెట్ పట్టీ పెట్టుకుంటూ ఆగాడు. "ఎన్నిసార్లు వినబడ్డది?"

"మూడుసార్లు."

"ఒక్కసారంటే గాలి అనుకుందును బావా." వాడు హెల్మెట్ తీసి చేత్తో పట్టుకున్నాడు. "మొన్న అంతమంది ముందట నీ గురించి ఏం చెప్పిన నేను? నువ్వు కుర్చీల కూసుండి విన్నవు."

"విన్నాను."

వాడు మళ్లీ హెల్మెట్ పెట్టుకున్నాడు. సైకిలెక్కి, అందరినీ దాటుకుంటూ వరస ముందుకు వెళ్లిపోయాడు. వెనుక నుంచి నాకు వాడి వీపు కనబడుతూనే ఉంది. ఫ్లైఓవర్ ఎక్కడం మొదలుపెట్టాం. సగం ఎక్కాక కళ్లలో నీళ్లతో చూపు మసకబారింది. కాలు కింద పెట్టాను. విజిల్ ముట్టుకోలేదు. నా కోసం ఎవరినీ ఆపే హక్కు నాకు లేదు.

పైన, మామ గీసిన సుద్ద గీతలు ఒకప్పుడు ఉన్న చోట, రాజేశం బ్రేకు వేశాడు. ఒక కాలు నేల మీద పెట్టాడు. వాడి మెడ వెనక్కి తిరిగింది. ముందువాడు ఆగాడు గనుక ముప్పై మందీ ఆగారు.

"జల్ది రా బావా!" నాలుగు వీధులకు వినబడే ఆ గొంతు ఫ్లైఓవర్ మీద నుంచి దిగివచ్చింది. "నీ ఒక్కని కోసం గింతమందిమి నిలబడ్డం!"

సైకిల్ దిగి నెట్టుకుంటూ ఎక్కాను. నేను దగ్గరికి వస్తుంటే రాజేశం గ్లౌజులు తీసి చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాడు, నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియని మొహంతో. మిగతావాళ్లు ఎందుకో తెలియకుండానే అందుకున్నారు. ఎవరికన్నా పెళ్లా అని అడుగుదామనుకున్నాను. అడగకుండా, మెడ తిప్పి, వెనుక ఎవరైనా మిగిలారేమో చూశాను.